మూత్రాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కు వయసు ఎంత అడ్డు?

“మా నాన్నకి డెబ్బై ఎనిమిదండీ. ఈ వయసులో కోయించడం అవసరమా?” విశాఖలో ఏ పెద్దాసుపత్రి యూరాలజీ ఓపీ బయట కాసేపు కూర్చున్నా ఈ మాట వినబడుతుంది. పక్క బల్ల మీద ఇంకొకరు, “మావాడికి నలభై ఆరే కదా, తట్టుకుంటాడులెండి” అంటుంటారు. రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒకటే: ఆపరేషన్ ఎలా ముగుస్తుందో వయసే తేల్చేస్తుందని. అందులో కొంత నిజముంది. ఆ నిజం ఎక్కడి వరకో తెలియకపోవడం వల్లే కొందరు పెద్దవాళ్లు నయం చేయగలిగిన జబ్బుతో ఇంటికి తిరిగి వెళ్లిపోతున్నారు, కొందరు చిన్నవయసువాళ్లు ధీమాగా ఆలస్యం చేసుకుంటున్నారు.

మూత్రాశయ క్యాన్సర్ ప్రధానంగా పెద్దవయసు జబ్బు. పాశ్చాత్య దేశాల్లో సగం మందికి పైగా డెబ్బై దాటాకే బయటపడుతుంది. మన దేశంలో ఇంకొన్నేళ్లు ముందే కనిపిస్తుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే పథకాన్ని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టాక, డబ్బు లేదన్న కారణం కొంత పక్కకు జరిగింది. వయసు సంగతేమిటన్న ప్రశ్న ఇంకా గట్టిగా ముందుకొచ్చింది.

ఒకే మాట, రెండు వేర్వేరు ఆపరేషన్లు

మూత్రాశయం గోడకు లోపలివైపు సన్నటి పొర ఉంటుంది. దాని కింద మెత్తటి బంధక పొర, ఆ తర్వాత మందమైన కండరం, బయట కొవ్వు. గడ్డ లోపలి పొరలోనే ఉంటే టీఏ, రెండో పొరలోకి దిగితే టీ1, కండరంలో వేరూనితే టీ2, కొవ్వులోకి పోతే టీ3, పక్క అవయవాలకు పాకితే టీ4 అంటారు. కొత్తగా బయటపడే కేసుల్లో సుమారు నాలుగింట మూడొంతులు కండరం వరకు రానివే.

వీటికి చేసేది టీయూఆర్‌బీటీ. మూత్రమార్గం గుండా టెలిస్కోపు పంపి, కరెంటు తీగతో గడ్డను చెక్కి తీస్తారు. పొట్ట మీద కోత ఉండదు, నడుముకు మత్తు ఇస్తే చాలు. ఎనభై దాటినవాళ్లూ మామూలుగా తట్టుకుంటారు. ఇక్కడ వయసు కంటే జాగ్రత్తగా చూడాల్సినవి వేరే ఉన్నాయి: గుండెకు వాడే రక్తం పలచన చేసే మాత్రలు, పెద్దవయసు ఆడవాళ్లలో బాగా పలచబడిన మూత్రాశయం గోడ. గడ్డ పక్క గోడ మీద ఉంటే ఇంకో ప్రమాదం. కరెంటు దగ్గరలోని నరాన్ని తాకి తొడ ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, ఆ కుదుపుకు గోడ చిల్లుపడవచ్చు. అందుకే అలాంటి గడ్డలకు ఆ నరానికి విడిగా మత్తు ఇస్తారు, లేదా పూర్తి మత్తు ఇచ్చి కండరాలను సడలిస్తారు.

బయాప్సీ రిపోర్టులో ముందుగా వెతకాల్సిన మాట, తీసిన ముక్కలో కండరం ఉందా లేదా అన్నది. కండరమే లేని ముక్కను చూసి క్యాన్సర్ కండరంలోకి పోలేదని ఎవరూ చెప్పలేరు. టీ1 హై గ్రేడ్ (కణాలు దూకుడుగా పెరిగే రకం) అని వస్తే రెండు నుంచి ఆరు వారాల్లో మళ్లీ ఒకసారి చెక్కి చూడాలన్నది స్థిరపడిన పద్ధతి. పెద్దవాళ్ల విషయంలో తప్పిపోయేది సరిగ్గా ఈ మెట్టే. “పెద్దాయన్ని మళ్లీ ఏం ఇబ్బంది పెడతాం” అని ఇంట్లో అనుకుంటారు. కండరంలో దాగిన గడ్డను తెలియకుండా వదిలేసినట్టవుతుంది. ఏడాది తర్వాత అది పైకొస్తే, వయసు వల్లే ముదిరిందని చెప్పుకుంటారు.

రెండోది అసలు పెద్ద ఆపరేషన్, రాడికల్ సిస్టెక్టమీ. కండరంలోకి దిగిన గడ్డకు, లేదా మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీ మందుకు లొంగని హై గ్రేడ్ గడ్డకు చేస్తారు. మగవారిలో మూత్రాశయంతో పాటు ప్రోస్టేట్, వీర్యకోశాలు తీస్తారు. ఆడవారిలో చాలాసార్లు గర్భసంచి, యోని ముందు గోడలో కొంత భాగం కూడా పోతాయి. పొత్తికడుపులోని లింఫు గ్రంథులు తీస్తారు. ఇదంతా అయ్యాక మూత్రానికి కొత్త దారి వేయాలి, దాని కోసం చిన్నపేగులోంచి ముక్క కోసి వాడతారు. క్యాన్సర్ ఆపరేషన్, పేగు ఆపరేషన్, మూత్రనాళాల ఆపరేషన్, మూడూ ఒకే రోజు ఒకే ఒంటి మీద. వయసు గురించిన గొడవంతా దీని గురించే.

బతికి బయటపడటమా, జబ్బు తిరిగి రాకపోవడమా

‘ఫలితం బాగుందా’ అని అడిగినప్పుడు ఏ ఫలితం అన్నది తేల్చుకోకపోతే అంకెలు తికమక పెడతాయి. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2001లో 1,054 మంది రోగుల లెక్క వెలువరించింది. అందరికీ సిస్టెక్టమీ జరిగింది. అయిదేళ్ల దగ్గర క్యాన్సర్ తిరిగి రానివారు 68 శాతం, పదేళ్ల దగ్గర 66 శాతం. ఆ రెండో అయిదేళ్లలో దాదాపు మార్పే లేదు. అంటే తిరిగి వచ్చేది చాలావరకు మొదటి అయిదేళ్లలోనే వచ్చేస్తుంది.

అదే గుంపులో ప్రాణాలతో ఉన్నవారు అయిదేళ్లకు 66 శాతం, పదేళ్లకు 43 శాతం. క్యాన్సర్ తిరగబెట్టినవారు రెండు శాతమే పెరిగితే, బతికున్నవారు 23 శాతం తగ్గారు. మధ్యలో పోయినవారిని తీసుకెళ్లింది ఎక్కువగా గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, ముసలితనం. ‘పెద్దవయసువారిలో ఆపరేషన్ తర్వాత బతికే కాలం తక్కువ’ అని ఎక్కడైనా చదివితే, దానిలో ఎంత భాగం క్యాన్సర్‌ది, ఎంత భాగం వయసుది అన్నది విడదీసి చూడాలి.

డెబ్బై ఏళ్లు బతికిన భారతీయుడికి సగటున ఇంకా పదేళ్లకు పైనే ఆయుష్షు మిగిలి ఉంటుంది. కండరంలోకి దిగిన మూత్రాశయ క్యాన్సర్‌ను వైద్యం లేకుండా వదిలేస్తే చాలామంది రెండేళ్లు దాటరు. ‘ఇంకెన్నాళ్లు బతుకుతాడులే’ అన్న మాటను ఈ రెండు అంకెల ఎదుట పెట్టి చూడాలి.

మొదటి తొంభై రోజులు: వయసు నిజంగా కరిచే చోటు

ఈ ఆపరేషన్‌లో వయసు తేడా బలంగా కనబడేది మొదటి మూడు నెలల్లో. డెబ్బైలోపు వారితో పోలిస్తే ఎనభై దాటినవారిలో తొంభై రోజుల మరణాలు స్పష్టంగా ఎక్కువని దేశం ఏదైనా పెద్ద లెక్కలన్నీ చూపిస్తున్నాయి.

దీనికి కారణం పెద్దవాళ్లకు చిక్కులు ఎక్కువ రావడం ఒక్కటే కాదు. అసలు ఈ ఆపరేషన్‌లో చిక్కులు అన్ని వయసులవారికీ వస్తాయి. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ కేంద్రం 1,142 మంది రోగుల్లో ప్రతి చిన్న ఇబ్బందినీ రాసిపెట్టి 2009లో ప్రచురించింది. తొంభై రోజుల్లో 64 శాతం మందికి ఏదో ఒకటి వచ్చింది. అందులో యాంటీబయాటిక్‌తో తగ్గిన జ్వరమూ ఉంది, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చినదీ ఉంది. తీవ్రమైనవి 13 శాతం. మరణాలు 2.7 శాతం. ఇవి ఏళ్ల తరబడి ఇదే పని చేసే చోటి అంకెలు. ఏడాదికి రెండు మూడు సిస్టెక్టమీలు జరిగే చోట ఇవే ఆశించలేం. అంకె అడిగేటప్పుడు అది ఏ ఆసుపత్రిదని కూడా అడగడం న్యాయం.

అసలు తేడా ఒక చిక్కు వచ్చాక ఏమవుతుందన్న దగ్గర ఉంది. పేగు కదలకపోవడాన్నే తీసుకుందాం. పేగు కోసి అతికించారు కాబట్టి కొన్ని రోజులు అది పడుకుంటుంది. కడుపు ఉబ్బుతుంది, గాలి పోదు, వాంతులు. నలభై ఐదేళ్ల మనిషైతే ముక్కులో గొట్టం, సెలైన్, నాలుగైదు రోజులు అదనంగా ఆసుపత్రిలో ఉండటం, అంతే. చిరాకు పడతాడు, ఇంటికి పోతాడు.

అదే డెబ్బై తొమ్మిదేళ్ల మనిషిలో ఆ గొలుసు పొడుగ్గా సాగవచ్చు. దగ్గు బలంగా రాదు కాబట్టి వాంతిలో కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, న్యుమోనియా మొదలవుతుంది. తిండి లేక రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోతుంది, కుట్లు మానడం ఆగుతుంది. మంచం దిగకపోవడంతో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది. జ్వరానికి గుండె వేగం పెరిగి లయ తప్పుతుంది. అయిదో రోజు సాయంత్రం మనవణ్ణి పోల్చుకోలేక, చేతికున్న సెలైన్ పీకేస్తాడు. దీన్ని డెలీరియం అంటారు. ‘మతి పోయింది’ అని ఇంట్లోవాళ్లు హడలిపోతారు గానీ, చాలాసార్లు అది లోపల ఇన్ఫెక్షన్ గానీ, ఉప్పు తగ్గడం గానీ చెప్పే మొదటి కబురు. మొదలైన చిక్కు ఇద్దరికీ ఒకటే. రెండో, మూడో దెబ్బను ఆపే నిల్వ ఒకరి దగ్గర ఉంది, ఇంకొకరి దగ్గర తరిగిపోయింది.

కాబట్టి పెద్దవయసు రోగిని కాపాడేది ఆపరేషన్ ఎంత నేర్పుగా చేశారన్నది ఒక్కటే కాదు, మూడో రోజు రాత్రి తేడాను ఎంత త్వరగా పసిగట్టారన్నది కూడా. ఆపరేషన్ మర్నాడే కుర్చీలో కూర్చోబెట్టడం, ముక్కుగొట్టాన్ని వెంటనే తీసేయడం, నొప్పికి మత్తు కలిగించే మందులు తగ్గించడం, రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్‌ను నాలుగు వారాలు కొనసాగించడం, ఇవన్నీ ఈ గొలుసును మొదట్లోనే తెంపే ఏర్పాట్లు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, పళ్లసెట్టు ఇంట్లో వదిలేసి రావడం డెలీరియానికి దారి తీస్తుందన్నది చాలామందికి తెలియదు. చూపు, వినికిడి లేని మనిషికి ఐసీయూలో పగలూ రాత్రీ ఒకటే అవుతాయి.

పెద్దవాళ్లలో క్యాన్సరే మొండిదా?

కండరం దాటి కొవ్వులోకి పాకిన గడ్డలు పెద్దవయసులో ఎక్కువ కనబడతాయన్నది నిజం. క్యాన్సర్ వల్ల పోయేవారి శాతం కూడా ఎనభై దాటినవారిలో కొంత ఎక్కువే. ఎందుకన్న దగ్గర నిపుణులు రెండు వైపులా మాట్లాడతారు. వయసుతో రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల జబ్బు స్వభావమే మారుతుందని కొందరంటారు. పెద్దవాళ్లకు మనం తక్కువ వైద్యం చేస్తున్నాం, దాని ఫలితమే ఇది అని మిగతావాళ్లంటారు. మా దృష్టిలో రెండో వాదానికి ఆధారం గట్టిగా ఉంది: పెద్దవారిలో ఆపరేషన్‌కు ముందు ఆలస్యం ఎక్కువ, లింఫు గ్రంథులు తీయడం తక్కువ, కీమో ఇవ్వడం ఇంకా తక్కువ.

కీమో సంగతి వివరంగా చూడాలి. ఆపరేషన్‌కు ముందు సిస్‌ప్లాటిన్ అనే మందు ఉన్న కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 2003లో వచ్చిన అమెరికా పరిశోధన చూపింది. కీమో తీసుకున్నవారిలో సగం మంది 77 నెలలకు పైగా బతికారు, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లినవారిలో ఆ అంకె 46 నెలలు. అయితే సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. మామూలుగా కిడ్నీ వడపోత నిమిషానికి 60 మిల్లీలీటర్లు ఉండాలంటారు. వినికిడి బాగా తగ్గినా, కాళ్ల తిమ్మిర్లు ముదిరినా, గుండె బలహీనంగా ఉన్నా ఇవ్వరు.

ల్యాబు రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం) ‘నార్మల్’ అని చూసి కిడ్నీలు బాగున్నాయనుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు. కిడ్నీ వడపోతను అంచనా వేసే లెక్క మగవారికి ఇలా: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌ను 72తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఆడవారికి వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణిస్తారు. 55 ఏళ్లు, 60 కిలోలు, క్రియాటినిన్ 1.1 ఉన్న మనిషికి 85 ఇంటూ 60, అంటే 5,100. దాన్ని 79.2తో భాగిస్తే 64. కీమోకు సరిపోతుంది. అదే 1.1 ఉన్న 78 ఏళ్ల, 52 కిలోల మనిషికి 62 ఇంటూ 52, అంటే 3,224. భాగిస్తే 41. కాగితం మీద ఇద్దరి క్రియాటినిన్ ఒకటే, ఒంట్లో కిడ్నీలు వేరు.

ఉత్తరాంధ్రలో ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, షుగరు, బీపీ లేనివారికీ కిడ్నీలు దెబ్బతినడం దశాబ్దాలుగా ఉన్న కష్టం. అక్కడి నుంచి వచ్చే యాభై ఏళ్ల రైతుకు ఎనభై ఏళ్ల కిడ్నీలు ఉండవచ్చు. వయసు చూసి ‘ఇతనికి కీమో ఇవ్వొచ్చు’ అనుకుంటే అక్కడ బోల్తా పడతాం.

ఎదురు పొరపాటు కూడా ఉంది. గడ్డ యూరెటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళం) నోటిని మూసేస్తే ఆ వైపు కిడ్నీ నీటితో ఉబ్బి పనితీరు తగ్గుతుంది. నడుము వెనక నుంచి సన్నటి గొట్టం వేసి మూత్రాన్ని బయటికి తీస్తే కొన్ని రోజుల్లో తేరుకోవచ్చు. పెద్దవయసు రోగికి క్రియాటినిన్ ఎక్కువగా కనబడగానే వయసు మీద తోసేయకుండా స్కాన్‌లో ఈ ఉబ్బు చూడటం అందుకే ముఖ్యం.

సిస్‌ప్లాటిన్ పడనివారికి దారి మూసుకుపోయిన రోజులు మారుతున్నాయి. ఎన్ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అనే రెండు మందులను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కలిపి ఇస్తే మంచి ఫలితం వస్తుందని 2025లో వెలువడిన పరిశోధన చూపింది. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది.

చిన్నవయసు ధీమా

నలభైలోపు వచ్చే మూత్రాశయ గడ్డలు చాలావరకు తక్కువ గ్రేడువి, పైపైనే ఉండేవి. అందుకే మొత్తంగా చూస్తే చిన్నవాళ్ల ఫలితాలు మెరుగ్గా కనిపిస్తాయి. కానీ ఒకే దశలో ఉన్న గడ్డలను పక్కపక్కన పెట్టి పోలిస్తే ఆ తేడా బాగా కుంచించుకుపోతుంది. కండరంలోకి దిగిన గడ్డ నలభై ఏళ్లవాడినీ విడిచిపెట్టదు.

చిన్నవాళ్లను దెబ్బతీసేది ఆలస్యం. నొప్పి లేకుండా మూత్రం ఎర్రగా వస్తే మన ఇళ్లలో మొదటి మాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్లు. రెండు రోజుల్లో ఎరుపు ఆగిపోతుంది, ఎందుకంటే ఈ గడ్డల రక్తస్రావం తనంతట తానే ఆగి మళ్లీ వస్తుంది. ఆగడం మందు గొప్పతనం అనుకుంటారు. తర్వాత ఇన్ఫెక్షన్ అని ఒక కోర్సు, రాయి అని ఇంకో కోర్సు. పొగతాగే అలవాటు ఉంటే అనుమానం ఇంకా పెరగాలి. పొగలోని విషాలను కిడ్నీలు వడకట్టి మూత్రాశయంలోనే నిల్వ ఉంచుతాయి. సిగరెట్టు, బీడీ, చుట్ట అన్నీ అంతే. మన వైపు కొందరు ఆడవాళ్లు నిప్పు నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు పేరుమోసింది. ‘ఆడవాళ్లు పొగ తాగరు కదా’ అనే ఊహతో ఆ ప్రశ్నే అడగకపోవడం ఈ ప్రాంతంలో తప్పు.

ఆపరేషన్ తర్వాత చిన్నవాళ్ల లెక్క మరో తీరులో నడుస్తుంది. వాళ్లకు ముందు ముప్పై ఏళ్ల జీవితం ఉంది, పేగుతో చేసిన మూత్రమార్గం కూడా ముప్పై ఏళ్లు పనిచేయాలి. పేగు మూత్రంలోని ఆమ్లాన్ని తిరిగి రక్తంలోకి పీల్చడం, యూరెటర్ అతికించిన చోట మెల్లగా బిగుసుకుపోవడం, కొన్నేళ్లకు బీ12 తగ్గడం, రాళ్లు, కిడ్నీ మెల్లగా క్షీణించడం, ఇవన్నీ కాలం గడిచేకొద్దీ బయటపడేవి. ఎనభై ఏళ్ల మనిషి వీటిలో కొన్నింటిని చూడకుండానే జీవితం ముగిస్తాడు. లైంగిక సామర్థ్యం, పిల్లలు కనడం గురించి ముందే మాట్లాడుకోవాల్సింది చిన్నవారితోనే అనుకుంటారు. డెబ్బై ఏళ్లవారికీ ఆ మొదటి విషయం ముఖ్యమే కావచ్చు, ఎవరూ అడగరంతే.

పొట్ట మీద బ్యాగా, పేగుతో కొత్త సంచా

ఎక్కువమందికి చేసేది ఇలియల్ కాండ్యూట్. చిన్నపేగులోంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్క తీసి, ఒక చివర యూరెటర్లు అతికించి, రెండో చివరను పొట్ట మీద బయటికి తెస్తారు. ఎర్రగా, తడిగా, నొప్పి తెలియకుండా ఉండే ఆ మొటిమలాంటి నోటిని స్టోమా అంటారు. దాని మీద బ్యాగు. నియోబ్లాడర్ అయితే 50 నుంచి 60 సెంటీమీటర్ల పేగును చీల్చి గుండ్రంగా కుట్టి, పాత మూత్రాశయం చోటే కూర్చోబెడతారు. బయట బ్యాగు ఉండదు.

నియోబ్లాడర్ వినడానికి బాగుంటుంది. కానీ అది నిండినట్టు పాత పద్ధతిలో తెలియజేయదు. గడియారం చూసి, మొదట్లో రెండు గంటలకోసారి, రాత్రి కూడా లేచి ఖాళీ చేయాలి. కొందరు తామే గొట్టం వేసుకోవడం నేర్చుకోవాలి. రాత్రి పక్క తడవడం పెద్దవయసులో ఎక్కువ. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఆమ్లం సమస్య ముదురుతుంది, విశాఖ ఉక్కలో చెమటకు నీరు పోతే ఇంకా. ఇక్కడ కూడా వయసు గీత కంటే కిడ్నీ, చేతివేళ్ల నేర్పు, రాత్రి లేచే ఓపిక నిర్ణయిస్తాయి. బాగా బలహీనంగా ఉన్నవారికి పేగు ముట్టకుండా యూరెటర్లనే నేరుగా చర్మానికి తెచ్చే పద్ధతి కూడా ఉంది. ఆపరేషన్ సమయం తగ్గుతుంది, పేగు చిక్కులు ఉండవు. కానీ ఆ సన్నటి నోళ్లు మూసుకుపోతాయి కాబట్టి గొట్టాలు పెట్టి కొన్ని నెలలకోసారి మారుస్తూ ఉండాలి.

స్టోమా ఎక్కడ రావాలో ఆపరేషన్‌కు ముందు రోజు పెన్నుతో గుర్తు పెడతారు. ఆ పదినిమిషాల పని తర్వాతి జీవితాన్ని శాసిస్తుంది. పడుకున్నప్పుడు పొట్ట చదునుగానే ఉంటుంది. కూర్చోబెట్టాలి, వీలైతే నేల మీద బాసింపట్టు వేయించాలి, అప్పుడే మడతలు ఎక్కడ పడతాయో తెలుస్తుంది. పంచె ముడి, చీర కుచ్చిళ్లు దోపుకునే చోటు తప్పించాలి. ఆ మనిషికి తన కళ్లతో తానే కనబడే చోట ఉండాలి. మడతలో పడిన స్టోమా దగ్గర బ్యాగు అంటుకోదు, మూత్రం కారి చర్మం ఒరుసుకుపోతుంది, చర్మం ఒరిస్తే జిగురు అసలు పట్టదు. ఇక మనిషి పెళ్లిళ్లకు, గుడికి వెళ్లడం మానేస్తాడు. సముద్రపు గాలి తేమకు, చెమటకు ఇక్కడ బ్యాగు పట్టు త్వరగా సడలుతుంది. పొద్దున్నే టీ తాగకముందు మూత్రం తక్కువగా వస్తుంది కాబట్టి మార్చడానికి అది అనువైన వేళ. బ్యాగు రంధ్రాన్ని స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా కత్తిరించాలి. శుక్లాలున్న, చేతులు వణికే పెద్దవారికి ఆ పని ఎవరు చేస్తారన్నది ఆపరేషన్‌కు ముందే తేలాలి. ఒక్కరే ఉండే తల్లికీ, కోడలు పక్కనే ఉన్న తల్లికీ ఒకే ఆపరేషన్ వేర్వేరు ఫలితాలివ్వడానికి ఇదొక కారణం.

పుట్టిన తేదీకి బదులు ఏం కొలుస్తారు

యూరప్ యూరాలజీ మార్గదర్శకాలు ఒక్క వయసునే అడ్డుగా చూడవద్దంటాయి. మరి చూడాల్సింది ‘ఫ్రెయిల్టీ’, అంటే ఒంటి నిల్వ ఎంత తరిగిందన్నది. దానికి యంత్రాలక్కర్లేదు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. పన్నెండు దాటితే ఆలోచించాలి, ఇరవై దాటితే గట్టిగా ఆలోచించాలి. నడక వేగం సెకనుకు 0.8 మీటర్ల కంటే తక్కువైతే అదీ హెచ్చరికే. ఆరు నెలల్లో బరువు తగ్గిందా, అల్బుమిన్ 3.5 కంటే తక్కువుందా, మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగితే గుర్తున్నాయా, రోజుకు ఎన్ని రకాల మాత్రలు మింగుతున్నాడు, స్నానం, బట్టలు, డబ్బు లెక్కలు తనే చూసుకుంటున్నాడా.

ఇవి తేలాక కొన్నింటిని బాగుచేయడానికి సమయం ఉంటుంది. కీమో నడిచే వారాలే ఆ సమయం. రోజూ నడక, ఊపిరి వ్యాయామం, పొగ మానేయడం, కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. 52 కిలోల మనిషికి అది రోజుకు 62 నుంచి 78 గ్రాములు, చారన్నం, మజ్జిగన్నంతో రాదు. గుడ్డుకు ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపకు సుమారు ఇరవై. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ మోతాదు డాక్టరు వేరుగా లెక్కగట్టాలి. అయితే బాగుపడాలని నెలలు సాగదీయడం కూడా కుదరదు. కీమో లేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లేవారిలో, గడ్డ కండరంలో ఉందని తేలాక పన్నెండు వారాలు దాటితే ఫలితాలు తగ్గుతాయి.

రోబోతో చేస్తే పెద్దవాళ్లకు మంచిదా అని చాలామంది అడుగుతారు. 2018లో వెలువడిన రేజర్ పరిశోధనలో రెండేళ్లకు జబ్బు ముదరనివారు రోబోతో 72.3 శాతం, తెరిచి చేసిన ఆపరేషన్‌తో 71.6 శాతం. క్యాన్సర్ విషయంలో తేడా లేదు. రక్తం తక్కువ పోతుంది, సమయం ఎక్కువ పడుతుంది. ఆ గంటలన్నీ తల కిందికి వాల్చి ఉంచాలి, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి అది భారం. ఎక్కువ చేస్తే ఎక్కువ మేలన్నది కూడా నిలబడలేదు. లింఫు గ్రంథులను ఇంకా పైదాకా తీస్తే ఏమవుతుందని 592 మందిలో చూసిన పరిశోధన 2024లో వచ్చింది. ఆయుష్షు పెరగలేదు, తొంభై రోజుల మరణాలు మాత్రం 2 శాతం నుంచి 7 శాతానికి పెరిగాయి.

మూత్రాశయం ఉంచుకునే దారి

గడ్డను టెలిస్కోపుతో వీలైనంతా చెక్కేసి, తర్వాత రేడియేషన్, దానితో పాటు తక్కువ మోతాదు కీమో ఇవ్వడం మరో పద్ధతి. బ్రిటన్‌లో 360 మందిపై జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, రేడియేషన్‌కు కీమో తోడైనప్పుడు రెండేళ్లకు ఆ చోట జబ్బు లేనివారు 67 శాతం, రేడియేషన్ ఒక్కటే అయితే 54 శాతం. అక్కడ వాడిన కీమో మందులు ఫైవ్ ఎఫ్‌యూ, మైటోమైసిన్. సిస్‌ప్లాటిన్ పడని కిడ్నీలున్నవారికీ ఇవ్వవచ్చు.

దీన్ని ఆపరేషన్‌తో పోల్చి ఏది మేలు అనేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆపరేషన్ చేయించుకున్న ఎనభై ఏళ్లవారు ఎక్కువ బతికారని, రేడియేషన్ తీసుకున్నవారు తక్కువ బతికారని పాత లెక్కల్లో కనబడుతుంది. గట్టిగా ఉన్నవారినే థియేటర్‌కు తీసుకెళ్లి, బలహీనులను రేడియేషన్‌కు పంపితే ఆ తేడా ఎలాగూ వస్తుంది. రెండు వైద్యాలకూ సరిపోయే రోగులనే ఎంచుకుని, 722 మందిని జాగ్రత్తగా జతచేసి చూసిన 2023 నాటి విశ్లేషణలో అయిదేళ్లకు జబ్బు వేరేచోటికి పాకనివారు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు 75 శాతమే. ఇది చీటీలు తీసి విడగొట్టిన పరిశోధన కాదు కాబట్టి ఆపరేషన్ వైపు మొగ్గే సర్జన్లు దీన్ని ఆఖరి మాటగా ఒప్పుకోరు. అది న్యాయమైన అభ్యంతరమే. పైగా ఆ విశ్లేషణలోని రోగుల గడ్డ ఒకటే, ఏడు సెంటీమీటర్లలోపుది, రెండు కిడ్నీలూ ఉబ్బినవారు లేరు. గడ్డలు చాలా చోట్ల ఉన్నవారికి ఇది వర్తించదు.

రేడియేషన్‌కు మామూలుగా 20 లేదా 32 సిట్టింగులు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ అగనంపూడిలోని క్యాన్సర్ ఆసుపత్రికి రోజూ రాలేని బలహీనులకు వారానికి ఒక్కసారి చొప్పున ఆరు వారాల్లో ముగిసే పద్ధతి ఉంది. రక్తస్రావం, నొప్పి ఆపడానికే అయితే ఇంకా తక్కువతో సరిపోతుంది. ‘ఏమీ చేయొద్దు’ అనుకునే కుటుంబాలు తెలుసుకోవాల్సింది, ఏమీ చేయకపోతే జబ్బు ప్రశాంతంగా ఉండదన్నది. రక్తం గడ్డలుగా మారి మూత్రం బిగుసుకుపోతుంది, అర్ధరాత్రి గొట్టం వేసి కడిగించుకోవడానికి పరిగెత్తాల్సి వస్తుంది.

ఇద్దరు మనుషులు, రెండు లెక్కలు

ఊహకు ఇద్దరిని తీసుకుందాం. ఒకాయనకు 76. భీమిలిలో ఉంటారు, పొద్దున్నే తీరం వెంట రెండు కిలోమీటర్లు నడుస్తారు. బరువు 60 కిలోలు, క్రియాటినిన్ 0.9. గడ్డ టీ2. కుర్చీ పరీక్షకు తొమ్మిది సెకన్లు. కిడ్నీ లెక్క: 64 ఇంటూ 60, అంటే 3,840, దాన్ని 64.8తో భాగిస్తే 59. గీతకు ఒక్కటి తక్కువ. కీమో డాక్టరు సిస్‌ప్లాటిన్‌ను ఒకే రోజు ఇవ్వకుండా మొదటి రోజు సగం, ఎనిమిదో రోజు సగం ఇవ్వవచ్చు. తర్వాత సిస్టెక్టమీ, కాండ్యూట్. మూత్రాశయం ఉంచుకునే దారి కూడా ఆయన ముందు పెట్టాలి.

రెండో ఆయనకు 58. సోంపేట దగ్గర కొబ్బరితోట. బరువు 54 కిలోలు, క్రియాటినిన్ 2.0, రోజుకు కట్ట బీడీలు. గడ్డ టీ2నే. కుర్చీ పరీక్షకు పదిహేను సెకన్లు, అల్బుమిన్ 3.1. లెక్క: 82 ఇంటూ 54, అంటే 4,428, దాన్ని 144తో భాగిస్తే 31. సిస్‌ప్లాటిన్ కుదరదు, నియోబ్లాడర్ కుదరదు. ముందు స్కాన్‌లో కిడ్నీ ఉబ్బు ఉందేమో చూడాలి, ఉంటే గొట్టం వేసి వారం పది రోజుల్లో క్రియాటినిన్ మళ్లీ చేయించాలి. తగ్గకపోతే నెఫ్రాలజీ డాక్టరుతో కలిసి రెండు దారులు తూచాలి: కొన్ని వారాలు తిండి, నడక, బీడీ మానడం చూసుకుని పొట్టి కాండ్యూట్‌తో ఆపరేషన్, లేదా ఫైవ్ ఎఫ్‌యూ, మైటోమైసిన్‌తో రేడియేషన్. ఈ ఇద్దరిలో మత్తు డాక్టరు ఎక్కువ భయపడేది యాభై ఎనిమిదేళ్ల మనిషికే.